.45 పిస్టల్‌ని .460 రోలాండ్‌కి మార్పిస్తే ఫ్రేమ్ తట్టుకుంటుందా?

నా దగ్గర లైసెన్స్ ఉన్న 1911 తరహా పిస్టల్ ఉంది, .45 ఏసీపీ తూటాలది. దాన్ని .460 రోలాండ్‌కి, అంటే ఇంకా శక్తిమంతమైన తూటాకి, మార్పిద్దామని ఆలోచన. కిట్‌లో కొత్త బ్యారెల్, గట్టి రికాయిల్ స్ప్రింగ్, బ్యారెల్ మూతికి కాంపెన్సేటర్ (వాయువుల్ని మళ్లించి అదురు తగ్గించే భాగం) వస్తాయి. బిగించేది తుపాకుల మెకానిక్కే, నేను చెయ్యి పెట్టను. అనుమతుల సంగతి ముందే చూసుకుంటాను.

టెన్షన్ అంతా ఫ్రేమ్ (పిడి ఉండే కింది భాగం), స్లయిడ్ (పేల్చినప్పుడు వెనక్కి జరిగే పై భాగం) గురించే. బ్యారెల్ కొత్తది సరే, మిగతాదంతా పాతదే కదా! .45 ఏసీపీకి గరిష్ఠ ఒత్తిడి 21,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), రోలాండ్‌ది దాదాపు రెట్టింపు. స్లయిడ్ వేగాన్ని కాంపెన్సేటర్ తగ్గిస్తుందంటారు. ఎక్కువ కాలం వాడినవాళ్లకి ఫ్రేమ్‌లో పగుళ్లు ఏమైనా కనిపించాయా? ఎక్కడ మొదలవుతాయి?

ఏసీపీ కంటే శక్తి ఎక్కువున్న .45 సూపర్ తూటాతో సరిపెట్టుకోమని ఒకరు సలహా ఇచ్చారు. కానీ దాని కేస్ (మందు ఉండే లోహపు గొట్టం) కొలతలు ఏసీపీవే, పొరపాటున మామూలు పిస్టల్‌లోనూ పట్టేస్తుంది. రోలాండ్ కేస్‌ని అందుకే కావాలని కాస్త పొడవు చేశారు. నాకైతే అదే నయమనిపిస్తోంది. మార్చాక మళ్లీ మామూలు .45 తూటాలతో ప్రాక్టీస్ చేయాలంటే పాత బ్యారెల్, స్ప్రింగ్ పెట్టేస్తే చాలా? వాడినవాళ్లు చెప్పండి.