'సోదర క్లబ్బు' అనొచ్చా?

ఫుట్‌బాల్ వార్తల్లో ఈ మాట పదేపదే కనబడుతోంది. మాంచెస్టర్ సిటీకి స్పెయిన్‌లోని గిరోనా 'సోదర క్లబ్బు', ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ సిటీ మరో 'సోదర క్లబ్బు' అని రాస్తున్నారు. ఒకే యజమాని చేతిలో ఉన్నాయని అలా అంటున్నారు. చదివిన ప్రతిసారీ నాకు పంటి కింద రాయి పడ్డట్టు ఉంటోంది. ఎందుకో చెబుతాను, మీరేమంటారో చూద్దాం.

సోదర అంటే స + ఉదర, ఒకే కడుపున పుట్టినవాళ్లు. మన 'తోబుట్టువు' కూడా అంతే, తోడ పుట్టినవాళ్లు. మరి ఆ యజమాని చేతిలో ఉన్న క్లబ్బులు ఎక్కడ పుట్టాయి? ఇటలీలోని పలెర్మో 1900లో, గిరోనా 1930లో, బ్రెజిల్‌లోని బహియా 1931లో. ఒక్కో ఊళ్లో అక్కడి జనం పెట్టుకుని పెంచుకున్నవి. అబుదాబికి చెందిన షేక్ మన్సూర్ బృందం 2008లో మాంచెస్టర్ సిటీని కొన్నది. ఆ తర్వాత సిటీ ఫుట్‌బాల్ గ్రూప్ పేరుతో ఒక్కో దేశంలో ఒక్కో క్లబ్బు కొంటూ పోయారు. పెద్దక్కగా చెప్పే మాంచెస్టర్ సిటీ కూడా కొన్నదే. నిజంగా ఆ ఇంట్లో పుట్టింది అనదగ్గది న్యూయార్క్ సిటీ. దాన్ని 2013లో బేస్‌బాల్ జట్టు యాంకీస్‌తో కలిసి కొత్తగా స్థాపించారు.

చిత్రమేమిటంటే, గిరోనా విషయంలో అన్నదమ్ములు నిజంగానే ఉన్నారు. 2017లో ఆ క్లబ్బులో సిటీ గ్రూప్ 44.3 శాతం వాటా కొంటే, సరిగ్గా అంతే వాటా పెరె గ్వార్డియోలా బృందం తీసుకుంది. ఆయన అప్పటి మాంచెస్టర్ సిటీ కోచ్ పెప్ గ్వార్డియోలాకు తమ్ముడు. సోదరులు మనుషులు, క్లబ్బులు కావు. ఇక్కడే ఇంకో మాట: ఇలాంటి వార్తకు 'కైవసం చేసుకుంది' అని హెడ్డింగ్ పెడితే తప్పవుతుంది. కప్పు గెలిస్తే కైవసం. సగం కన్నా తక్కువ వాటా కొంటే 'వాటా కొన్నది', అంతే.

నా ప్రతిపాదన: 'ఒకే యజమాని క్లబ్బులు'. అందంగా లేదని తెలుసు, కానీ ఉన్న సంగతి చెబుతుంది.

వ్యాఖ్య: బాగుందండీ. కానీ మన భాషలో దీనికి 'దత్తత' లేదా? దత్తత వెళ్లిన పిల్లాడికి ఇంటిపేరు మారుతుంది. మెల్‌బోర్న్ క్లబ్బు పేరు మొదట 'హార్ట్' కదా.

నా జవాబు: మాస్టారూ, మీ పోలిక చదివి చాలా సంతోషం వేసింది. ఇంటిపేరు అన్నది సరిగ్గా సరిపోయింది. 2014లో కొన్నాక మెల్‌బోర్న్ హార్ట్ మెల్‌బోర్న్ సిటీ అయింది. ఎరుపు తెలుపు చొక్కాలు పోయి లేత నీలం వచ్చింది. ఉరుగ్వేలోని టార్క్ 2020లో మాంటెవిడియో సిటీ టార్క్ అయింది. 'సిటీ' అన్నది అక్కడ అచ్చంగా ఇంటిపేరే. కానీ పలెర్మో తన పేరుతో, తన గులాబీ రంగుతోనే ఉంది. గిరోనా, బహియా కూడా పేరు మార్చుకోలేదు.

దత్తత అనడానికి నాకున్న అభ్యంతరం వేరే. దత్తుడికి ఆస్తిలో కన్నబిడ్డతో సమానంగా హక్కు వస్తుంది. డబ్బు తీసుకుని దత్తత ఇవ్వడం మన చట్టంలోనే నిషేధం. ఇక్కడ ఎటు చూసినా బేరమే. సావిన్యో అనే బ్రెజిల్ కుర్రాడి సంగతి చూడండి. 2022లో సిటీ గ్రూప్ వాళ్లు తమ చేతిలోనే ఉన్న ఫ్రాన్స్‌లోని ట్రాయ్ క్లబ్బు పేరు మీద కొన్నారు. ఆ క్లబ్బుకు ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. నెదర్లాండ్స్‌లోని పీఎస్‌వీకి ఒక ఏడు, గిరోనాకు ఒక ఏడు అరువిచ్చారు. 2024లో మాంచెస్టర్ సిటీకి వెళ్లాడు. ('లోన్' అని కాకుండా అరువు అన్నాను. అప్పు తీరిస్తే ఆ డబ్బుకు సమానమైన డబ్బు ఇస్తాం, అరువు తెచ్చుకున్న నగను మాత్రం ఆ నగనే తిరిగివ్వాలి. ఆటగాడికి అదే నప్పుతుంది.) ట్రాయ్ అభిమాని దీన్ని తోబుట్టువుల మధ్య ఇచ్చిపుచ్చుకోవడం అని ఎలా అనుకుంటాడు?

యూరప్ ఫుట్‌బాల్ సంఘం నిబంధన కూడా బంధుత్వం గురించి మాట్లాడదు. ఒకే పోటీలో ఉన్న రెండు క్లబ్బులను ఒకరే శాసించకూడదంటుంది. అందుకే 2024-25లో మాంచెస్టర్ సిటీ, గిరోనా రెండూ యూరప్ క్లబ్బుల పోటీ చాంపియన్స్ లీగ్‌కు వచ్చినప్పుడు, గిరోనాలో సిటీ గ్రూప్‌కున్న వాటాలను కొంతకాలం స్వతంత్ర ట్రస్టీల చేతికి అప్పగించాల్సి వచ్చింది.

వ్యాఖ్య: అన్నా, మాది గచ్చిబౌలి. హైదరాబాద్ ఎఫ్‌సీ మ్యాచ్‌లు స్టేడియంలో చూసినవాణ్ని. 2022 మార్చిలో గోవాలో కేరళ మీద పెనాల్టీల్లో గెలిచి కప్పు కొట్టినప్పుడు ఆ రాత్రి నిద్రపోలేదు. 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది, పేరు కూడా మారింది. మాకు మిగిలినదానికి ఏ మాట వాడాలి?

నా జవాబు: తమ్ముడూ, నీ బాధ అర్థమవుతోంది. ఆ క్లబ్బు మనకు వచ్చిందీ అలాగేనని కూడా గుర్తుంచుకోవాలి. 2019లో పుణే జట్టు స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. ఆ రోజు పుణేలో ఎవరో ఇదే ప్రశ్న అడిగి ఉంటారు.

నీకు మిగిలినదానికి మాట నా దగ్గర లేదు. కానీ నువ్వు రాసిన వాక్యంలో ఒక్క క్రియ మారుస్తాను. 'తరలిపోయింది' అంటే క్లబ్బే లేచి నడిచి వెళ్లినట్టు ఉంటుంది, చేసినవాళ్లు కనబడరు. 'తరలించారు' అని రాయి.