వరోవా నల్లికి మందు వేయాలా, ఈగలనే తట్టుకోనివ్వాలా?

చెట్టుతొర్ర:
నా దగ్గర 12 తేనెటీగల పెట్టెలున్నాయి, అన్నీ ఐరోపా జాతి ఈగలే. ఆరేళ్లుగా ఏటా వరోవాకు, అదే ఈగల్ని పట్టి పీల్చే నల్లికి, మందు పెడుతున్నాను. ఈసారి మానేద్దామని ఉంది. అసలు ఈ నల్లి ఆసియా తేనెటీగది. ఆ ఈగ మందూ మాకూ లేకుండానే దాంతో నెట్టుకొస్తోంది. అక్కడ నల్లి పోతుటీగల (మగ ఈగల) పిల్లలు పెరిగే గదుల్లోనే తన పిల్లల్ని పెడుతుంది, కూలి ఈగల గదుల్లో దాని ఆటలు సాగవు. ఐరోపా ఈగకు అంటుకున్నాకే రెండు రకాల గదుల్లోనూ దూరింది. మనం మందు వేస్తూ పోతే ఐరోపా ఈగ తట్టుకోవడం ఎప్పటికి నేర్చుకుంటుంది? తిట్టండి, కానీ కారణం చెప్పి తిట్టండి.

జోరీగ:
తిడుతున్నా. మీరు చేద్దామనుకుంటున్నది స్వీడన్‌లోని గోట్లాండ్ దీవిలో 1999లోనే చేశారు. 150 పెట్టెలు పెట్టి, ఏ మందూ వేయకుండా వదిలేశారు. మొదటి మూడేళ్లలోనే నూటికి 80కి పైగా పోయాయి. ఆ లెక్కన మీకు రెండు మిగులుతాయి. రెండు పెట్టెలతో జాతిని ఉద్ధరిస్తారా?

చెట్టుతొర్ర:
మిగిలినవి తట్టుకున్నాయిగా జోరీగ గారూ! తర్వాత చావులు తగ్గాయి కూడా. ఆ ముక్క చెప్పరేం?

మైనపుముద్ద:
ఇద్దరూ ఒక మాట దాటేస్తున్నారు. అది దీవి. రాణి గాల్లో ఎగిరి పది నుంచి ఇరవై పోతుటీగలతో కలుస్తుంది. మీ రాణి ఎంత గట్టిదైనా, ఆ పోతులు చుట్టుపక్కల పెట్టెలవి అయితే పుట్టే కూలి ఈగలకు తండ్రులు వాళ్లే. మీరు మూడేళ్లు కష్టపడి ఏరుకున్న గుణం ఒక్క మధ్యాహ్నంలో పలచబడిపోతుంది. అందుకే జాతిని కాపాడుకోవాలనుకునేవాళ్లు ముందు హద్దు గీస్తారు. స్లొవేనియాలో తమ సొంత జాతి కార్నియోలన్ ఈగ తప్ప వేరేది పెంచనివ్వరు. స్కాట్లండ్‌లో కొలన్సే దీవిలో నల్ల తేనెటీగ తప్ప ఇంకోటి పెట్టకూడదని 2013లో ఉత్తర్వు తెచ్చారు. మీ 12 పెట్టెల చుట్టూ సముద్రం ఉందా?

గడ్డిపువ్వు:
నల్లి గురించే కొట్టుకుంటారేంటి? పూలు లేవు, చల్లే పురుగుమందులు చూస్తే భయమేస్తుంది. ఐరోపా యూనియన్ 2018లో ఇమిడాక్లోప్రిడ్ సహా మూడు మందుల్ని ఆరుబయట వాడొద్దని ఊరికే అందా?

జోరీగ:
ఊరికే అనలేదు. దానికి వేరే చర్చ పెట్టండి, నేనూ వస్తా. ఇక్కడ ప్రశ్న మందు మానేయాలా వద్దా అని.

అది మీ ఒక్కరి విషయం కాదని కూడా చెప్పాలి. నల్లి పట్టి కూలిపోయిన పెట్టెలో తేనె మిగిలి ఉంటుంది. చుట్టుపక్కల ఈగలు దోపిడీకి దిగుతాయి. తేనెతో పాటు నల్లినీ ఇంటికి మోసుకొస్తాయి. నాకు దగ్గర్లో ఒకాయన ఇలాగే ‘సహజంగా’ వదిలేశాడు. అంతకుముందు నెల నా పెట్టెలో 300 ఈగలకు రెండు నల్లులు. ఆయన పెట్టెలు ఖాళీ అయ్యాక లెక్కపెడితే 31. ప్రయోగం ఆయనది, శ్రాద్ధం నాది.

పుట్టతేనె:
జోరీగ గారి కోపం న్యాయమే. కానీ ఏటా క్యాలెండర్ చూసి మందు పెట్టడం కూడా మంచిది కాదు. నల్లిని చంపే ఫ్లువాలినేట్ మందు పట్టీలు అలాగే వాడి వాడి నల్లికి అలవాటు చేశాం, చాలాచోట్ల ఇప్పుడది పనిచేయడం లేదు.

నేనైతే ముందు లెక్కపెడతాను. పిల్లలున్న చట్రం తీసి, రాణి దాని మీద లేదని రెండుసార్లు చూసుకుని, అరకప్పు ఈగల్ని సీసాలోకి దులుపుతాను. దాదాపు 300 వస్తాయి. సీసాకు వల మూత. రెండు చెంచాల పొడి చక్కెర వేసి, ఒక నిమిషం మెల్లగా దొర్లించి, కాసేపు ఆగి, తెల్ల పళ్లెంలోకి దులిపి, నీళ్లు చిలకరిస్తే చక్కెర కరిగిపోయి నల్లులు మిగులుతాయి. ఇటుక రంగులో, ఆవగింజకన్నా చిన్నగా, పీతలా అడ్డంగా వెడల్పుగా ఉంటాయి. ఈగల్ని తిరిగి పెట్టెలో వదిలేయొచ్చు. పిండిమరలోంచి వచ్చినట్టు తెల్లగా, చిరాగ్గా లోపలికి నడుస్తాయి, చూడాల్సిందే.

తొమ్మిది దాటితే, అంటే నూటికి మూడు, మందు పెడతాను. ఆ తర్వాత ఆ రాణిని తీసేసి, తక్కువ నల్లులున్న పెట్టెలోంచి కొత్త రాణిని తెస్తాను. చెట్టుతొర్ర గారూ, బలహీనమైన వంశం పోవాలనేగా మీ బాధ? రాణి పోతే వంశం పోయినట్టే. 40 వేల ఈగల్ని చావనివ్వడం దేనికి?

మైనపుముద్ద:
ఇది ఒప్పుకుంటా. పక్కవాళ్ల పోతులు కలవడం ఆగదనుకోండి, కనీసం పక్కవాళ్లకు నల్లి పంచడం ఆగుతుంది.

చెట్టుతొర్ర:
ఆదివారం నాలుగు పెట్టెలు చూశాను. 2, 5, 4, 23. ఆ 23 వచ్చింది నా మూడో నంబరు పెట్టె. అన్నిటికన్నా ఎక్కువ తేనె ఇచ్చేది అదే, ముసుగు లేకుండా తెరిచినా కుట్టదు. ఆ రాణిని తీయాలంటే చేయి రావడం లేదు.

జోరీగ:
రాణి సంగతి వచ్చే నెల చూద్దురు గాని. ముందు ఫార్మిక్ యాసిడ్ పెట్టండి. ఆక్సాలిక్ అయితే ఈగల మీదున్న నల్లినే చంపుతుంది, ఈగపిల్లలతో పాటు నల్లి దాక్కునే, మూత పడిన గదుల్లోకి వెళ్లేది ఫార్మిక్కే. ఎండ మండిపోయే రోజున మాత్రం వద్దు, ఆ వేడికి ఆవిరి ఎక్కువై రాణే పోతుంది. మిగతా ఎనిమిది పెట్టెలూ లెక్కపెట్టారా?