కేక్ పాప్స్ పైన చాక్లెట్ పూత పగులుతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: వచ్చే ఆదివారం మా పాప మొదటి పుట్టినరోజు. వచ్చిన పిల్లలకి ఇవ్వడానికి 50 కేక్ పాప్స్ (కేక్ పొడిని ఉండలు చేసి, పుల్లకి గుచ్చి, చాక్లెట్ పూత వేసేవి) ఇంట్లోనే చేద్దామనుకుంటున్నాను. ట్రయల్ వేస్తే గంటలోపే పూత పగిలింది, కొన్ని ఉండలు పుల్ల మీద నుంచి జారిపోయాయి. మాది విజయవాడ, హాల్లో ఏసీ లేదు. మా అత్తయ్యగారు గుడ్డు తినరు. కాస్త చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

జవాబు: టెన్షన్ వద్దండీ. ఉండలు ఫ్రీజర్‌లో పెట్టి ఉంటారు. గడ్డకట్టిన ఉండని వేడి చాక్లెట్‌లో ముంచితే పూత వెంటనే బిగుసుకుంటుంది. తర్వాత లోపలి ఉండ చల్లదనం తగ్గేకొద్దీ ఉబ్బి, పూతని చీలుస్తుంది. ఫ్రీజర్ మానేసి ఫ్రిజ్‌లో గంట ఉంచండి. బయటికి తీశాక ఐదు, పది నిమిషాలు ఆగి, గోరువెచ్చటి చాక్లెట్‌లో ముంచండి.

జారిపోతున్నాయంటే క్రీమ్ ఎక్కువై ఉండాలి, లేదా ఉండ పెద్దదై ఉండాలి. సున్నుండలకి నెయ్యి పోసినట్టే, కేక్ పొడిలో క్రీమ్ చెంచా చెంచాగా వేస్తూ పిడికిట్లో నొక్కి చూడండి. ముద్ద కట్టాలి, వేళ్లకి అంటకూడదు. ఉండ 25 గ్రాములు దాటనివ్వకండి. పుల్ల కొసని ముందు కరిగిన చాక్లెట్‌లో ముంచి, ఉండలోకి సగం వరకే గుచ్చి, అది గట్టిపడ్డాకే పూత వేయండి.

మరో జవాబు: ఏసీ లేని హాలు కాబట్టి కాంపౌండ్ చాక్లెట్టే వాడండి అక్కా. అసలు చాక్లెట్‌లోని కోకో బటర్ 34 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. కాంపౌండ్‌లో దాని బదులు వేరే వెజిటబుల్ ఫ్యాట్ ఉంటుంది, టెంపరింగ్ (చాక్లెట్‌ని సరైన వేడిలో కరిగించి, జాగ్రత్తగా చల్లార్చడం) పని కూడా ఉండదు. అయినా ఎండ తగలనివ్వకండి. గిన్నెలో నీటి చుక్క పడిందా, చాక్లెట్ మొత్తం ముద్దయిపోతుంది. రంగు కలపాలంటే నూనెతో చేసినదే కొనండి.

గుడ్డు లేకుండా అయితే ఒకటిన్నర కప్పుల మైదాకి కప్పు పెరుగు, ముప్పావు కప్పు పంచదార, అర కప్పు నూనె, ఒకటింపావు టీస్పూను బేకింగ్ పౌడర్, అర టీస్పూను వంటసోడా. పూర్తిగా చల్లారాకే పొడి చేయండి.

ప్రశ్న: థాంక్స్ అండీ. ముందురోజే చేసి ఫ్రిజ్‌లో పెడితే తీశాక చెమట పడుతుందేమో?

జవాబు: మూత బిగించిన డబ్బాలో పెట్టండి. బయటికి తీశాక చల్లదనం పోయేదాకా మూత తీయకండి, తేమ డబ్బా మీదే చేరుతుంది. ఇంకో మాట, ఏడాది, రెండేళ్ల పిల్లలకి పుల్లతో అస్సలు ఇవ్వకండి. పుల్ల తీసేసి, పూత వలిచి, మెత్తగా చిదిపి పెట్టండి. పైన గట్టి చక్కెర పూసలు కూడా వాళ్ల వాటికి వద్దు, గొంతులో అడ్డుపడతాయి.