మండుటెండయె విత్తుల మంత్రసాని

పృచ్ఛకుని (సమస్య ఇచ్చినవాని) మాట: ఈ వారపు సమస్య, అంటే ముందు మూడు పాదాలు కూర్చి మీరు పూరించవలసిన పై పంక్తి, తేటగీతి అనే నాలుగు పాదాల పద్యానికి చివరి పాదం. మొలక అనగానే వాన గుర్తుకు వస్తుంది కనుక, పురుడు పోసేది ఎండ అనడంలోనే చిక్కు ఉంది. ఋతువులు మారుతుండగా ఏదైనా ఒక చెట్టు గింజ సాగించే ప్రయాణంతో పూరించగలరు. గణాలు (గురులఘువుల కూర్పు), యతులతో (పాదంలోని అక్షరమైత్రితో) పాటు ఆ చెట్టు నిజంగా అలా బ్రతుకుతుందా అన్నదీ చూస్తాను.

మొదటి పూరణ (టేకు)

వానఁ బూచిన టేకున వచ్చు కాయ
చలిని రాలియు మొలకెత్తఁ జాల దపుడు
పెంకు వదులైన తొలివాన బిడ్డ లేచు
మండుటెండయె విత్తుల మంత్రసాని

పరిశీలన: పెంకును వదులు చేసినది ఎవరో మూడవ పాదంలో చెప్పకుండా సమస్యాపాదానికి విడిచిపెట్టడం నాకు ఎంతో నచ్చింది. నర్సరీలలో టేకు కాయలను నీటిలో నానబెట్టి, ఎండలో ఆరబెట్టి, మళ్ళీ నానబెట్టడం ఈ గట్టి పెంకు కోసమే. అయితే 'తొలివాన' సరికాదు. రాలిన కాయలన్నీ ఆ ఏడాదే మొలవవు. కొన్ని మరుసటి వేసవిని కూడా చూసిన తరువాతే మొలుస్తాయి. 'పెంకు వదులైన నొకవాన' అంటే గణం చెడదు, మాటా నిజమవుతుంది.

రెండవ పూరణ (మోదుగ)

మోడు కొమ్మల నెఱ్ఱగా మోదుగలర
కాయ చివరను గింజ యొక్కటియె నిలుచు
ఎండి తేలికై గాలిలో నెగిరిపోవ
మండుటెండయె విత్తుల మంత్రసాని

ఒక సభ్యురాలి స్పందన: 'నిలుచు' తరువాత పాదాన్ని 'ఎండి' అని అచ్చుతో మొదలుపెట్టడం విసంధి, అంటే సంధి జరగవలసిన చోట జరపకపోవడం. 'నిలుచు' ద్రుతాంతం (చివర నకారం చేరే పదం) కనుక 'నెండి' అంటే దోషం పోతుంది, యతికీ భంగం లేదు.

పరిశీలన: సవరణ సమంజసం. పలుచని కాయలో ఒక కొసన ఒకే గింజ, మిగిలినదంతా గాలికి రెక్క: ఈ ఆకారాన్ని ఒక్క పాదంలో పట్టుకోవడం సామాన్యం కాదు. ఇక్కడ మంత్రసాని మొలకెత్తించదు, తల్లినుండి బిడ్డను వేరు చేస్తుంది. మొదటి పూరణకంటె ఇదే ఆ మాటకు దగ్గర.

మూడవ పూరణ (వేప)

వేప పండు నాషాఢపు వేళఁ గాకి
మెసవి గింజనుఁ దడినేల మీద విడుచు
నెండ నెండినఁ జచ్చుగా యెట్టు లగును
మండుటెండయె విత్తుల మంత్రసాని?

మరొక సభ్యుని స్పందన: సమస్యను ప్రశ్నగా మార్చడం పాత ఉపాయమే. దీనిని పూరణ అనవచ్చునా, తప్పించుకోవడం అనాలా?

మూడవ పూరణకర్త: మా ఇంట్లో వేపగింజలను గుజ్జు కడిగి, నీడలోనే ఆరబెట్టి, ఆలస్యం చేయకుండా నాటేవారు. ఆ గింజకు ప్రాణం కొద్ది కాలమే ఉంటుంది; టేకులాగా వేసవి కోసం ఎదురుచూసే ఓపిక దానికి లేదు. అందువల్లనే ప్రశ్న తప్ప నాకు వేరు దారి కనిపించలేదు.

పృచ్ఛకుని మాట: ఉపాయం పాతదైనా, చెట్టు స్వభావమే కవిచేత ఆ ప్రశ్న వేయించింది కనుక దీనిని పూరణగానే స్వీకరిస్తున్నాను. 'విత్తుల' అని బహువచనం వేసినప్పుడు నా మనసులో ఉన్నది టేకు ఒక్కటే. వేపను తలచుకొని ఉంటే ఆ 'ల'కారాన్ని అంత ధైర్యంగా వేసేవాడిని కాను.