మే నెలలో గోదావరి మీద కెనో యాత్ర: నీళ్లు చాలుతాయా?

హన్మకొండ_తెడ్డు
ఎండాకాలం సెలవుల్లో నలుగురం, రెండు కెనోలు (తెడ్డుతో నడిపే సన్నటి పడవలు, 16 అడుగులవి, ప్లాస్టిక్‌వి). కాళేశ్వరంలో దిగి, రెండు రాత్రులు ఇసుక తిన్నెల మీద పడుకుంటూ తుపాకులగూడెం దాకా పోవాలని ఆలోచన. ఇద్దరు మే నెలే మేలంటున్నారు, ఇద్దరు నవంబరు దాకా ఆగుదామంటున్నారు. నది తెలిసినవాళ్లు చెప్పండి.

పలిమెల_రేవు
ముందు కాళేశ్వరం మాట తీసేయండి. వీడియోల్లో అక్కడ ప్రాణహిత కలిసే సంగమం దగ్గర నిండుగా కనిపించేవి, దిగువన మేడిగడ్డ బరాజ్‌లో నీళ్లు నిలిపిన రోజులవి. 2023 అక్టోబరులో పిల్లర్లు కుంగిన తర్వాత అక్కడ నీళ్లు ఆపడం లేదు. ఎగువన శ్రీరాంసాగర్, ఎల్లంపల్లి గోదావరి నీళ్లను పట్టుకుంటాయి కాబట్టి, ఎండాకాలం సంగమం కింద పారేది దాదాపు ప్రాణహిత నీళ్లే. అవి కూడా వెడల్పాటి ఇసుకలో పాయలు పాయలుగా చీలిపోతాయి. ఇద్దరు మనుషులు, సామాను ఎక్కిన కెనోకు జానెడు లోతన్నా కావాలె. చాలాచోట్ల పాదం మునిగేంతే ఉంటది. తెడ్డు వేసేది తక్కువ, పడవ లాగేది ఎక్కువ అయితది.

ఇంకొకటి, దారిలో మేడిగడ్డ బరాజ్ ఉంది. 85 గేట్లలో ఏదో ఒకదాని కిందనుంచి దూరిపోదామనుకోవద్దు. పిల్లర్ల మధ్య నీళ్లు వడిగా లాగుతాయి, కింద కాంక్రీటు దిమ్మెలుంటాయి. పడవ అడ్డం తిరిగి పిల్లర్‌కు ఆనుకుందంటే ఆ నీళ్ల బలానికి మనిషి చేతులతో విడిపించలేరు. ఇంద్రావతి కలిసిన చోటుకు దిగువన, రోడ్డు దగ్గరగా ఉన్న రేవు చూసుకొని మొదలుపెట్టండి. లేదంటే నవంబరుకు వాయిదా వేయండి. నా ఓటు నవంబరుకే.

గోదావరిఖని_నావ
రేవు అన్నా, బరాజ్ విషయంలో మీ మాటే నాది. నవంబరు విషయంలో మాత్రం ఒప్పుకోను. మేలో రాయి, ఇసుక కంటికి కనిపిస్తాయి. పడవ బోల్తా పడ్డా చాలాచోట్ల నిలబడొచ్చు. పడుకోవడానికి ఆరిన తిన్నెలు దొరుకుతాయి. లాగడం కష్టమే గాని ప్రమాదం కాదు. ముందు, వెనుక కొసలకు 5 మీటర్ల తాడు చెరొకటి కట్టుకుంటే ఇద్దరు సులువుగా నడిపిస్తారు. పాయ ఎంచుకునేటప్పుడు వంపు బయటి అంచు పట్టండి, లోతు అక్కడే ఉంటుంది. నీటి మీద సన్న అలలు వరుసగా గలగలమంటే అది మేట, పక్కకు తిప్పుకోవాలి.

పలిమెల_రేవు
లాగడం ప్రమాదం కాదన్న మాట వెనక్కి తీసుకో తమ్మీ. ఇసుక తోడిన చోట గుంతలు నిలువుగా తెగి ఉంటాయి. మడమ లోతు నుంచి ఒక్క అడుగుకే తల మునిగే లోతు వస్తది. నీళ్లు ప్రశాంతంగా ఉంటాయి కాబట్టి పైనుంచి తెల్వదు. ఎండకు తాళలేక లైఫ్ జాకెట్ విప్పేది సరిగ్గా పడవ లాగేటప్పుడే. బకిల్ పెట్టుకునే లాగాలె, ఒక చెయ్యి పడవ అంచు మీద ఉండాలె, పడవకు ముందు నడవొద్దు.

ములుగు_అడవి
లోతు గురించే కొట్లాడుతున్నారు, ఎండ సంగతేంది? మేలో మా దిక్కు 42 నుంచి 45 డిగ్రీలు. నీళ్ల మీద, ఇసుక మీద పడ్డ ఎండ కిందినుంచి కూడా కొడుతుంది. మనిషికి రోజుకు 7 లీటర్లు లెక్క వేయండి. నలుగురికి మూడు రోజులకు 84 లీటర్లు, అంటే 84 కిలోల బరువు. ఆ బరువుకు పడవ ఇంకా కిందికి దిగుతుంది, మళ్లీ లాగుడే. సగం మోసుకెళ్లి, మిగతాది పారే పాయ పక్కన ఇసుకలో చెలిమె తీసి పట్టుకోండి. మొదట ఊరిన నీళ్లు తోడి పారబోసి, తేరినవి గుడ్డలో వడగట్టి, తెర్లేదాకా కాచి తాగాలి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు తప్పకుండా ఉండాలి.

తెల్లారి 5:30కు నీళ్లలో ఉంటే 9:30కు ఒడ్డెక్కాలి. మళ్లీ సాయంత్రం రెండు గంటలు. మధ్యాహ్నం దాటాక గాలిదుమారం, ఉరుములు వస్తాయి. బట్టతల లాంటి తిన్నె మీద అప్పుడు అందరికన్నా ఎత్తైనది మనిషే, కాబట్టి మబ్బు పట్టగానే తిన్నె వదిలి ఒడ్డు లోపలికి పోవాలి, ఒంటరి చెట్టు కింద నిలబడొద్దు. ప్లాస్టిక్ పడవను కారు మీద బెల్టుతో గట్టిగా బిగించి ఎండలో వదిలేస్తే అడుగు సొట్టపడుతుంది, నీడలో పెట్టండి.

పాకాల_అల
కొత్తవాళ్లుంటే లక్నవరంలో ఒక పూట బోల్తా కొట్టి మళ్లీ ఎక్కడం నేర్పండి. సొంత పడవ దింపడానికి ముందే అనుమతి అడగాలి.

హన్మకొండ_తెడ్డు
మంథని నుంచి మొదలుపెడితే?

గోదావరిఖని_నావ
వద్దు. అటు శివ్వారం మొసళ్ల అభయారణ్యం, దిగువన అన్నారం బరాజ్. రేవు అన్న చెప్పిన దిగువ భాగమే నయం. కింది సగం తుపాకులగూడెం దగ్గరి సమ్మక్క బరాజ్ బ్యాక్‌వాటర్ (బరాజ్ వెనుక నిలిచిన నీళ్లు), అక్కడ పారుదల ఉండదు. నిలువ నీటిలో గంటకు 4 కిలోమీటర్లు, ఎదురుగాలి లేస్తే అందులో సగం. బరాజ్‌కు ఎగువనే దేవాదుల పంపులు నీళ్లు లాగే ఇన్‌టేక్ ఉంది, దాని వైపు పోవద్దు. బరాజ్ గేట్లు కనిపించేదాకా ఆగకుండా, చాలా ముందే కుడి ఒడ్డుకు చేరి బండి ఎక్కండి.

ములుగు_అడవి
ఎడమ ఒడ్డు ఇంద్రావతి కలిసేదాకా మహారాష్ట్ర, తర్వాత ఛత్తీస్‌గఢ్. అటు దిగొద్దు. కుడి ఒడ్డు పోలీస్ స్టేషన్‌లో పేర్లు, చేరే తేదీ రాసివ్వండి. ఏటూరునాగారం అభయారణ్యం పరిధిలో రాత్రి ఉండాలంటే అటవీశాఖ అనుమతి కావాలి.

పలిమెల_రేవు
పోయే ముందు రోజు పొద్దున రేవు దగ్గర చేపలు పట్టేవాళ్లను అడిగి, ఎక్కువ నీళ్లున్న పాయలో కర్ర పెట్టి చూడండి. మోకాలు లోతు వరుసగా లేకపోతే పడవలు దింపొద్దు, బ్యాక్‌వాటర్‌లో ఒక్కరోజు తిరిగి రండి. ఉన్నా సరే, నా ఓటు నవంబరుకే.