"వెదకంగా నేల": ఆ 'నే' ఎవరిది?

భూతరంగం:
నేలలోకి రేడియో తరంగాలు పంపి, లోపల ఏముందో తెలుసుకునే రాడార్ గురించి పిల్లల కోసం ఒక వ్యాసం రాస్తున్నాను. ఏళ్ల తరబడి చేస్తున్న పనే కాబట్టి విషయానికి లోటు లేదు. శీర్షిక దగ్గరే ఆగిపోయాను. పోతన భాగవతంలోని ప్రహ్లాదుడి పద్యంలో "వెదకంగా నేల" అన్న ముక్క వారం రోజులుగా నన్ను వదలడం లేదు. చిన్నప్పుడు దాన్ని 'నేలంతా వెతకడం' అనే అనుకునేవాణ్ణి. అక్కడ నేల అంటే భూమి అని తీసుకునే వీలు కాస్తయినా ఉందా? మొదటి పాదం కూడా పూర్తిగా గుర్తు రావడం లేదు. "గాలిఁ గలఁ డాకాశంబునం" తర్వాత భూమికి సంబంధించిన మాటేదో ఉండాలి.

ద్రుతం:
వీలు లేదండీ. వెదకంగాన్ + ఏల. ఆ నకారం ద్రుతం, అంటే ముందు మాట చివర ఉండే 'న్'. 'ఇక్కడా అక్కడా వెతకడం ఎందుకు తండ్రీ' అని అర్థం. నేల అని తీస్తే 'ఎందుకు' అన్న మాటే పోతుంది, అన్వయం కుదరదు. మీరు మరిచిపోయిన మాట "గుంభినిం". కుంభిని అంటే భూమే.

ప్రాసయతి:
అన్వయం సరే. ఛందస్సు మాత్రం భూతరంగం గారికి అడ్డు రాదు. మత్తేభంలో పద్నాలుగో అక్షరం యతి. "గలఁ డీశుండు కలండు తండ్రి! వెదకం" దాకా పదమూడు, "గా" పద్నాలుగు. పాదం మొదటి 'గ'తో కుదిరింది. ఆ తర్వాత వచ్చే "నేల" ఏ అర్థంలో తీసుకున్నా ఒక గురువు, ఒక లఘువే.

ద్రుతం:
గణాలు కుదిరినంత మాత్రాన అర్థం పుడుతుందా?

ప్రాసయతి:
పుట్టదు. కానీ చెవిలో మోగుతుంది. పోతన చెవి ఎలాంటిదో మీకు చెప్పాలా! "అడిగెదనని కడువడిఁ జను" పద్యంలో లక్ష్మీదేవి తడబాటంతా డకారాల్లోనే నడిపించారు. 'అడుగిడు నడుగిడదు' అని చదువుతుంటే మన కాళ్లే ఆగిపోతాయి. ఆ కవికి ఇక్కడ "నేల" అన్న శబ్దం వినబడలేదంటే నేను నమ్మను. కుంభినిలో ఉన్నాడు అని మొదటి పాదంలో చెప్పి, చివరి పాదంలో 'వెదకంగా నేల' అనడం యాదృచ్ఛికం అనుకోలేను.

తాళపత్రం:
ఇద్దరూ అచ్చు పుస్తకం చూసి మాట్లాడుతున్నారు. తాటాకు మీద పదాల మధ్య ఖాళీ ఉండదు. "వెదకంగానేలయీయాయెడన్" అని ఒకే వరుస. ఎక్కడ విరవాలో చదివేవారే తేల్చుకోవాలి. పైగా మన లిపిలో న్, ఏ కలిస్తే ఒకే అక్షరం, దాన్ని మధ్యలో చీల్చలేం. అందుకే అచ్చులో ఖాళీ 'నే'కి ముందు పడింది. చిన్నప్పుడు భూతరంగం గారికి భూమి కనబడిందంటే అది ఆయన తప్పు కాదు, ఆ ఖాళీ పెట్టిన చోటు అలాంటిది.

భూతరంగం:
తాళపత్రం గారూ, మీరు చెప్పింది అచ్చం నా పనే. రాడార్ తెర మీద కూడా ఖాళీలు ఉండవు. ఒక పెట్టెను నేల మీద గీత వెంట మెల్లగా లాగుతూ వెళ్తాం. అది పంపిన తరంగం ఒక పొర నుంచి ఇంకో పొరలోకి వెళ్లేటప్పుడు కొంత వెనక్కి వస్తుంది. రెండు పొరల విద్యుత్ స్వభావంలో తేడా ఉంటేనే ఆ ప్రతిధ్వని పుడుతుంది. తేడా లేకపోతే అక్కడ హద్దు ఉన్నా మాకు తెలియదు. పొడి మట్టిలో పూడ్చిన కుండలో అదే పొడి మట్టి నిండి ఉంటే, ఆ కుండ మాకు దాదాపు దొరకదు. లోపల గాలి ఉంటే దొరుకుతుంది. లోహపు బిందె అయితే తరంగం దాదాపు మొత్తం వెనక్కి వచ్చేస్తుంది, దాని కింద ఏముందో మాత్రం చూడలేం.

పాతనిఘంటువు:
బిందె మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. "కుంభిని"ని అందరూ దాటేశారు. కుంభం అంటే కడవ, కుంభం గలది కుంభిని. భూమిని వసుంధర అన్నారు, రత్నగర్భ అన్నారు, అన్నీ లోపల ఏదో దాచుకున్నదన్న అర్థంలోనే. కుంభిని కూడా ఆ కోవలోదేనని, లంకెబిందెలు దాచుకున్న తల్లి అని నా నమ్మకం. భూతరంగం గారి శీర్షిక చివరి పాదంలో కాదు, మొదటి పాదంలో ఉంది.

ద్రుతం:
వ్యుత్పత్తి అందంగా ఉంది. పోతన దాన్ని తలుచుకునే వాడారనడానికి ఆధారం?

పాతనిఘంటువు:
అక్కడ "మేదినిం" అన్నా గణాలు చెడవు, "ధారుణిం" అన్నా చెడవు. మూడూ గురు లఘు గురువులే. అయినా కుంభినినే ఎందుకు ఎంచుకున్నారు?

ప్రాసయతి:
'గలఁడు, గలఁడు' అని పద్యమంతా గకారం మోగుతుంటే అక్కడ మకారం, ధకారం ఎందుకు తెస్తారు? "ఆకాశంబునం గుంభినిం, గలఁ డగ్నిన్" అని ఒకసారి గొంతెత్తి చదవండి. బిందెల కోసం కాదు, ఆ 'గ' కోసం.

భూతరంగం:
మీ ఇద్దరి మాటా నచ్చింది. కానీ శీర్షికకు ఇంకోటి తోచింది. తర్వాతి కందంలో "ఎందెందు వెదకి చూచిన నందందే కలఁడు దానవాగ్రణి కంటే" అని కదా? 'చూశావా' అని అడిగినట్టు ఉంటుంది.

ద్రుతం:
"కంటే" కాదండీ, "వింటే". వింటివే, అంటే విన్నావా అని. ఇప్పుడు చాలామంది దాన్ని 'వింటే గనక' అని చదువుతున్నారు. అదీ తప్పే. అది షరతు కాదు, ప్రశ్న.

ప్రాసయతి:
కంటే, వింటే రెండూ గగమే, అంటే రెండేసి గురువులే. ఛందస్సు ఇక్కడా తీర్పు చెప్పదు. కానీ "వెదకి చూచిన" అని ముందే ఉంది కాబట్టి మళ్లీ 'కంటే' అంటే చూపు మీద చూపు. 'వింటే' వల్లే కంటికీ చెవికీ చెరో వాటా వచ్చింది.

భూతరంగం:
అయితే "వింటే" నాకు ఇంకా బాగా పనికొస్తుంది! మేం నిజంగా చూడం, వింటాం. తెర మీద ఉండేది బొమ్మ కాదు, ప్రతిధ్వని తిరిగి రావడానికి పట్టిన కాలం. తరంగం 20 నానోసెకన్లలో తిరిగొచ్చిందనుకోండి. పొడి ఇసుకలో దాని వేగం నానోసెకనుకు సుమారు 0.15 మీటర్లు. రానూ పోనూ కాబట్టి సగం చేస్తే లోతు 1.5 మీటర్లు. అదే నేల బాగా తడిసి వేగం 0.06 మీటర్లకు పడిపోతే, అదే 20 నానోసెకన్లకు లోతు 0.6 మీటర్లే. నేలలో నీరెంతో తెలియకుండా లోతు చెప్పడమంటే సంధి తెలియకుండా పదం విరిచినట్టే. ఇక తడి బంకమట్టి అయితే తరంగాన్ని పూర్తిగా మింగేస్తుంది. పైపు కూడా తెర మీద గుండ్రంగా కనబడదు. పెట్టె దగ్గరికి వస్తుంటే ప్రతిధ్వని త్వరగా, దూరమవుతుంటే ఆలస్యంగా వస్తుంది కాబట్టి బోర్లించిన విల్లులా, అతిపరావలయంలా కనబడుతుంది. ఆ వంపు శిఖరం దగ్గరే పైపు ఉంటుంది.

తాళపత్రం:
అంటే పాఠభేదాలు మీకూ ఉంటాయన్నమాట.

భూతరంగం:
లేకేం! ఈజిప్టు రాజు టుటంఖామున్ సమాధిలో 2015లో చేసిన రాడార్ సర్వే చూసి గోడల వెనక గదులున్నాయన్నారు. 2018లో ఇటలీ బృందం మళ్లీ కొలిచి, అలాంటి గదులేవీ లేవని తేల్చింది. గోడ అదే. విన్న తీరు వేరు. మరోవైపు ఫలేరీ నోవీ అనే రోమన్ పట్టణాన్ని తవ్వకుండానే, 30 హెక్టార్లకు పైగా పటం గీశారు. ఆ ఫలితాలు 2020లో వచ్చాయి. గుడి, స్నానశాల, నీటి గొట్టాలు, అన్నీ అందులో ఉన్నాయి. ఆ పటం మొదటిసారి చూసినప్పుడు నాకు నోట మాట రాలేదు.

పాతనిఘంటువు:
ఇంతకీ ఆ రాడార్‌ని వ్యాసంలో ఏమని పిలుస్తున్నారు?

భూతరంగం:
మా వాళ్లందరం జీపీఆర్ (గ్రౌండ్ పెనెట్రేటింగ్ రాడార్) అనే అంటాం. పిల్లల కోసం 'భూభేదక రాడార్' అని రాశాను.

పాతనిఘంటువు:
భేదక వద్దు! భేదించడమంటే చీల్చడం. మీ తరంగం దేన్నీ చీల్చదు, గుచ్చుకుని లోపలికి వెళ్తుంది. అది వేధ. దశరథుడి బాణాన్ని శబ్దభేది అని అందరం అలవాటుగా అనేస్తాం, అసలు మాట శబ్దవేధి. శబ్దాన్ని బట్టి లక్ష్యాన్ని కొట్టేది. ఆ లెక్కన మీది భూవేధి. పైగా మీరూ విని కొట్టేవారే కదా.

ద్రుతం:
భేది, వేధి విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. శబ్దభేది ఎక్కడ కనబడినా నాకు ప్రాణం చివుక్కుమంటుంది.

ప్రాసయతి:
కానీ 'భూవేధి' అంటే భూమిని వేధించేది అనుకోరూ పిల్లలు?

పాతనిఘంటువు:
వేధించడంలో ఉన్నదీ ఆ వేధేనా, లేక తెలుగులో దానికి వేరే దారి ఉందా? ద్రుతం గారు చెప్పాలి.

ద్రుతం:
రేపు చూసి చెబుతాను. భూతరంగం గారూ, ఈలోగా "వెదకంగా నేల" మాత్రం శీర్షికగా పెట్టకండి, దయచేసి.

భూతరంగం:
పెట్టేశానండీ. ప్రూఫులో ఆ ఖాళీ తీసేసి "వెదకంగానేల" అని కలిపి వేయమన్నాను.