జైలు తనిఖీ నివేదిక ఎవరికైనా చేతికి వచ్చిందా?

కాలువగట్టు (అమలాపురం దగ్గర):
మా బావమరిది ఒక కొట్లాట కేసులో రెండు నెలలు సబ్ జైల్లో రిమాండులో ఉన్నాడు. తనిఖీకి పెద్దలు వచ్చిన రోజు గదులన్నీ బ్లీచింగు వాసన, పప్పు చిక్కగా ఉందట. మర్నాడు మళ్లీ నీళ్లే. వాళ్లు ఏం రాసి వెళ్లారో చూద్దామని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాను. ఐదు నెలలకు వచ్చిన జవాబు: ‘పరిశీలనలో ఉంది’. వాడు బెయిలు మీద వచ్చి దాళ్వా నాట్లు వేశాడు, కోతలూ కావస్తున్నాయి. నివేదిక మాత్రం ఇంకా లోపలే ఉంది.

లంకవాసి:
నాకు ‘భద్రతా కారణాలు’ అని రాశారు. నేను అడిగింది మరుగుదొడ్లు ఎన్ని, మనుషులు ఎందరు అని!

తణుకు శీను:
ఢిల్లీలోనే ఆలస్యం కదండీ. దేశంలో నేరాల, జైళ్ల లెక్కలు తీసే కేంద్ర సంస్థ ఎన్‌సీఆర్‌బీ 2022 జైళ్ల లెక్కలు బయటికి వచ్చింది 2023 డిసెంబరులో.

లంకవాసి:
అది దేశం మొత్తం లెక్క శీనుగారూ. పప్పు పలుచన అని అందులో ఉండదు.

పాతగుమాస్తా:
దస్త్రాలు మోసి రిటైరైనవాణ్ణి, ఒక మాట చెబుతాను. ‘తనిఖీ నివేదిక’ అని అడక్కండి. జైల్లో సందర్శకుల పుస్తకం ఉంటుంది. జిల్లా జడ్జి గాని, కలెక్టరు గాని చూసింది అందులో రాసి సంతకం చేస్తారు. నకలు పైకి పంపేటప్పుడు సూపరింటెండెంటు జవాబు జతచేయాలి. చిక్కంతా ఆ జవాబు దగ్గరే. గోడ పెచ్చులూడుతోందని జడ్జిగారు రాస్తే, మరమ్మతు అంచనా వచ్చేదాకా ఈయన కలం కదలదు. జవాబు లేని నివేదిక బయటపెడితే తలనొప్పి, అందుకని బీరువాలోకి. కాబట్టి ఫలానా తేదీ నాటి పుస్తకం పుట నకలు అడగండి. సంతకం పడిన పుట ‘పరిశీలనలో ఉంది’ అనడం కష్టం. భద్రత అంటారా, సమాచార హక్కు చట్టం సెక్షన్ 10 ప్రకారం ఇవ్వకూడనిది తీసేసి మిగిలింది ఇవ్వాలి. 30 రోజులు దాటగానే మొదటి అప్పీలు వేయండి. ఐదు నెలలు ఊరుకోవడం మీ తప్పే, ఏమీ అనుకోకండి.

నరసాపురం టీచర్:
ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించినదైతే గడువు 48 గంటలే. లోపల ఉన్న మా బంధువుకు జబ్బు చేసినప్పుడు అలా రాస్తే మూడో రోజున ఫోను చేశారు. అదే ధైర్యంతో పాత నివేదికకూ పెట్టాను, తిరగ్గొట్టారు. అది న్యాయమేలెండి. ఇంకొకటి: జైళ్లకు అనధికార సందర్శకులను, అంటే ప్రభుత్వోద్యోగులు కాని వాళ్లను, నియమించే సంగతి పరిశీలించమని 2015లో డి.కె. బసు కేసులో (నిర్బంధంలో హింస గురించిన కేసు) సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది. మీ జైలుకు వాళ్లెవరో ఆ దరఖాస్తులోనే అడగండి.

కాలువగట్టు:
గుమాస్తాగారూ, తప్పు ఒప్పుకున్నాను. 10 రూపాయల స్టాంపు తెచ్చి కొత్త దరఖాస్తుకు కూర్చున్నాం. తనిఖీ తేదీ ఏదిరా అంటే మావాడు ‘పప్పు చిక్కగా ఉన్న రోజు’ అంటున్నాడు. అట్లతద్ది వెళ్లిన మంగళవారం అయి ఉంటుందని మా ఆవిడ క్యాలెండరు వెతుకుతోంది.